జావవేలు

వాల్దెన్సీనా అనే కొండ ఊళ్ళో పగటిపూట ఎవరినడిగినా అడవి గార్డు ఇంటికి దారి చెబుతారు. పాత వంతెన దాటాలి, ఏటి ఒడ్డు పట్టుకుని పోవాలి, రాళ్ళ మీద తెలుపూ పసుపూ చారలు కనిపిస్తాయి, వాటిని వదలకూడదు, నల్ల పైన్ చెట్లు దట్టమయ్యే చోట ఇల్లు. అంతే. కానీ నవంబరు మొదటి తారీఖున, పొద్దు వాలాక అడిగి చూడండి. చేతిలో గ్లాసు కింద పెట్టి మీ మొహంలోకి ఒకసారి చూస్తారు.

అది చచ్చినవాళ్ళు ఇళ్ళు వెతుక్కుంటూ వచ్చే రాత్రి. ఆ రాత్రి గార్డు ఇంటి తలుపు మోగుతుందంటారు. లోపల ఎవరూ ఉండరు. బయటా ఎవరూ ఉండరు. చప్పుడు మాత్రం ఉంటుంది — ముందు తాళం దగ్గర ఇనుము గీరుకున్నట్టు... తర్వాత పిడికిలితో తట్టినట్టు... చివరికి గుమ్మంలో ఎవరో కూలబడినట్టు.

తప్పిపోయిన గొర్రెల కోసం అటు వెళ్ళినవాడొకడు విన్నాడట. పుట్టగొడుగులు ఏరబోయిన అక్కచెల్లెళ్ళు విన్నారట. విన్నవాళ్ళెవరూ వెనక్కి తిరిగి చూడలేదు. చూడనివాళ్ళే ఇంత వర్ణించి చెప్పారు.

ఆ తలుపు ఎందుకు మోగుతుందో ఊళ్ళో అందరికీ తెలుసు. తెలుసనే చాలా ఏళ్ళు అనుకున్నారు.

ఆ కొండ ఊళ్ళలో ఆ సాయంత్రం ప్రతి ఇంట్లో జావ కాస్తారు. గోధుమపిండిని ఆలివ్ నూనెలో వేయించి, సోంపు వేసి, పాలూ చక్కెరా కలిపి, గరిట నిలబడేంత చిక్కగా. తినగా మిగిలింది పిల్లల వేళ్ళకిచ్చి తాళం కన్నాలు పూడ్పిస్తారు. కన్నం మూసుకుంటే చచ్చినవాడు లోపలికి దూరలేడు. ఆ తర్వాత తెల్లారేదాకా ఎవరు తట్టినా తియ్యకూడదు. కన్నతల్లి గొంతుతో పిలిచినా తియ్యకూడదు. తియ్యనందుకు మర్నాడు ఎవరూ తప్పు పట్టరు.

ఫుయెన్‌సాంత అనే అమ్మాయి చిన్నప్పుడు ఆ ఇంట్లోనే ఉండేది. తండ్రి ఎలూతెరియో అడవి గార్డు. ఒక ఏడు ఆ రాత్రే ఆయన పైన కొండ మీద చిక్కుకుపోయాడు. మంచూ వానా కలిసి కురిశాయి. తడిసి ముద్దయి, కాలు విరగ్గొట్టుకుని, ఈడ్చుకుంటూ ఎప్పటికో ఇల్లు చేరాడు. తాళంచెవి తీశాడు. కన్నంలో కూతురు పెట్టిన జావ చలికి సున్నంలా బిగుసుకుపోయి ఉంది. తట్టాడు. లోపల పెళ్ళాం, దెయ్యమనుకుని, పిల్లని పొదువుకుని చెవులు మూసుకుంది. తెల్లారి తలుపు తీస్తే గుమ్మంలో ఉన్నాడు. చేతిలో తాళంచెవి ఉంది. ప్రాణం లేదు.

ఇదీ ఊరు చెప్పే కథ. తల్లిని ఎవరూ ఏమీ అనలేదు. ఆ రాత్రి ఎవరైనా అంతే చేస్తారు. పిల్లనీ ఏమీ అనలేదు. ఒక పేరు పెట్టారు, అంతే. జావవేలు.

ఆ పేరుతోనే బడికి వెళ్ళింది. ఆ పేరుతోనే పెద్దమనిషి అయింది. ఒకతను కొన్నాళ్ళు ఆమె చెయ్యి పట్టుకుని తిరిగాడు. ఒకరోజు నవ్వుతూ ఆ వేలిని ముద్దు పెట్టుకుని, "దీనితో జాగ్రత్తగా ఉండమంది మా అమ్మ" అన్నాడు. ఆ సాయంత్రమే అతన్ని వదిలేసింది. జావ ముట్టుకోవడం మాత్రం ఎప్పుడో మానేసింది. తినడమూ లేదు, కాయడమూ లేదు, ఎవరింట్లోనైనా ఆ సోంపు వాసన వస్తే లేచి వెళ్ళిపోయేది.

తర్వాత ఆ అడవిని పార్కు చేశారు. నడవడానికి దారులు వేశారు, కొయ్య వంతెనలు కట్టారు, పట్నాల నుంచి జనం చేతికర్రలు పట్టుకుని రావడం మొదలైంది. గార్డు ఇంటికి సున్నం కొట్టి నడకవాళ్ళు ఆగే చోటుగా మార్చారు. తలుపు పక్కన రంగుల బోర్డు పెట్టారు. 'తట్టే ఇల్లు' అని పేరు, కింద కథ మొత్తం, పక్కన వేలు చాచిన ఒక చిన్నపిల్ల బొమ్మ. వచ్చినవాళ్ళు తాళం కన్నంలో వేలు పెట్టి ఫొటో దిగుతారు.

ఆ ఇంట్లో కాపలా ఉద్యోగానికి ఎవరూ ముందుకు రాకపోతే ఫుయెన్‌సాంతే ఒప్పుకుంది. ఊళ్ళో ఆలివ్ కాయలు రాల్చడం తప్ప వేరే పని లేదు. అదొక కారణం. ఆ గుమ్మం ఊడవాల్సింది తనే అనుకోవడం ఇంకో కారణం.

ఒక ఏడు నవంబరు మొదటి తారీఖు పొద్దున, కొండెక్కే ముందు, కాస్తో అనే ఆయన బారులో కాఫీకి ఆగింది.

"జావవేలూ," అన్నాడు కాస్తో గ్లాసులు తుడుస్తూ, "ఇవాళ మా ఇంటి తాళం కూడా పూడ్చిపెట్టవే. నువ్వు పూడిస్తే దెయ్యాలే కాదు, మొగుళ్ళు కూడా లోపలికి రారట కదా."

బారంతా నవ్వింది.

"మీ ఆవిడ నిన్ననే అడిగింది బాబాయ్," అంది ఫుయెన్‌సాంత. "ఊరికే చేసిపెడతానని చెప్పాను."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఊళ్ళో బతకాలంటే తన మీద జోకు తనే పూర్తి చెయ్యాలని ఆమెకెప్పుడో తెలిసిపోయింది.

మధ్యాహ్నం ముర్సియా నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పేరు నోఎలియా. ఒక్కతే. పల్చటి జాకెట్టు, కొత్త బూట్లు. తాళం కన్నంలో వేలు పెట్టి, నాలుక బయటపెట్టి, ఫోను ఫుయెన్‌సాంత చేతికిచ్చింది.

"ఒక్కటి తియ్యండి, ప్లీజ్. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో మీకు తెలుసా?"

"తెలీదు."

"పాపం, పిచ్చెక్కి ఉంటుంది."

"ఉండొచ్చు," అంది ఫుయెన్‌సాంత. ఫొటో తీసింది.

శిఖరం మీద మబ్బు కూర్చుంటే పై దారి పట్టొద్దని వచ్చిన ప్రతివాళ్ళకీ ఆమె చెబుతుంది. అది ఆమె ఉద్యోగం. ఆ రోజు మబ్బు కూర్చునే ఉంది. నోఎలియా పై దారి పట్టింది. ఫుయెన్‌సాంత ఆమె వీపు చెట్లలో కలిసిపోయేదాకా చూస్తూ నిలబడింది... నోరు తెరవలేదు.

సాయంత్రానికి తల్లి లెయోకాదియా పాలవాడి జీపెక్కి వచ్చింది. ఏటా ఆ రోజు వస్తుంది. గిన్నెలో నీళ్ళ మీద నూనె పోసి, చిన్న వత్తి తేలేసి, భర్త పోయిన గుమ్మం పక్కన వెలిగించి, చీకటి పడకముందే కూతురితో దిగిపోతుంది. అక్కడ కూర్చుని ఒక్క కన్నీటి బొట్టయినా కార్చగా కూతురు ఎప్పుడూ చూడలేదు.

ఆ ఏడు దిగలేదు. పొగమంచు ముందే దిగింది.

కింద బండ్లు ఆపే చోట ఒక ఎర్ర కారు మిగిలిపోయింది. నోఎలియాది.

ఫుయెన్‌సాంత పార్కు ఆఫీసుకి ఫోను చేసింది. జీపులో మనుషుల్ని పంపిస్తున్నాం, దారిలో చెట్టు పడింది, ఆలస్యమవుతుంది, మీరు కదలకండి, కిటికీలో దీపం ఆరనివ్వకండి అన్నారు. ఆమె గుమ్మం దాటి వెళ్ళి గొంతు పోయేలా పిలిచింది. పొగమంచు ఆ కేకని దూదిలా పీల్చేసుకుంది. చెయ్యి చాస్తే వేళ్ళు కనిపించలేదు.

వెనక్కి వచ్చేసరికి తల్లి పొయ్యి రాజేసి ఉంది. కూతురు లోపలికి అడుగు పెట్టగానే తలుపు మూసి, తాళం వేసి, పెద్ద ఇనుప గడియ ఈడ్చింది. తాళంచెవి పొయ్యి పక్కన మేకుకి తగిలించింది. ఆ తాళానికి ఉన్న చెవి అదొక్కటే.

"గడియ వెయ్యకమ్మా."

"వేసేశాను."

"ఆ పిల్ల వస్తే?"

"వస్తే గొంతు వినపడదా? ఇలా వచ్చి కూర్చో. వణికిపోతున్నావు."

తర్వాత ముసలామె సంచిలోంచి డబ్బా తీసింది. మూత తీయగానే సోంపు వాసన గదంతా కమ్మింది. ఫుయెన్‌సాంత లేచి నిలబడింది.

"ఆ డబ్బా ఇక్కడికెందుకు తెచ్చావు?"

"పండగ పూట తిండి తెచ్చుకోకూడదా? నీ చేత్తో పెట్టమని అడగట్లేదులే."

ముసలామె రెండు వేళ్ళతో జావ ముద్ద తీసుకుని తాళం కన్నంలో కుక్కింది. బొటనవేలితో అదిమి నున్నగా రాసింది.

"తీసెయ్యమ్మా," అంది ఫుయెన్‌సాంత. "ఆ పిల్ల బయట ఉంది. మబ్బు సంగతి నేను చెప్పలేదు. నోటిదాకా వచ్చింది, చెప్పలేదు. అది కూడా ఈ గుమ్మంలోనే..."

"జావకి ఎవరూ చావరే," అంది తల్లి.

అని, వెంటనే పొయ్యి వైపు తిరిగి కట్టెలు సర్దడం మొదలుపెట్టింది.

ఇంత కాలంలో ఒక్కసారి... ఒక్కసారైనా ఆ మాట తల్లి నోట వినాలని ఫుయెన్‌సాంత ఎదురుచూసింది. ఇప్పుడు విన్నది. విన్నాక ఎందుకో ఒళ్ళు చల్లబడింది.

కట్టెలు చిటపటలాడాయి. కిటికీ అద్దానికి అవతల తెల్లటి గోడ. ఎంతసేపు కూర్చున్నారో తెలియదు. ముసలామె కునికిపాట్లు పడుతోంది. ఫుయెన్‌సాంత చెవులు మాత్రం బయటే ఉన్నాయి.

అప్పుడు వినపడింది.

అడుగులు. రాళ్ళ మీద. ఒక అడుగు గట్టిగా... ఒక అడుగు ఈడ్చినట్టు. ఒక అడుగు గట్టిగా... ఒక అడుగు ఈడ్చినట్టు.

గుమ్మం ముందు ఆగాయి.

ఎవరో దగ్గారు. లోతైన, తడి దగ్గు.

తల్లి కళ్ళు తెరిచింది. కళ్ళు తప్ప ఇంకేమీ కదల్లేదు.

తాళం దగ్గర ఇనుము గీరుకుంది.

ఫుయెన్‌సాంత మేకు వైపు చూసింది. తాళంచెవి అక్కడే వేలాడుతోంది. కదలకుండా.

కన్నంలో జావ ముద్ద మెల్లగా లోపలికి ఉబ్బింది. ఇంకొంచెం ఉబ్బింది. తర్వాత — తపక్కుమని — నేల మీద పడింది.

తాళం తిరిగింది. నూనె వేసిన తాళంలా, అలవాటైన చెయ్యి తిప్పినట్టు, సాఫీగా తిరిగింది. తలుపు ఒక్క వెంట్రుకవాసి లోపలికి వచ్చి, గడియకి తగిలి ఆగింది.

"తియ్యొద్దు," అంది తల్లి. గుసగుసలా కూడా లేదు, ఊపిరిలా ఉంది.

"ఆ పిల్లేమో..."

"ఆ పిల్ల దగ్గర తాళంచెవి ఉందా?"

తలుపు మీద దెబ్బలు పడ్డాయి. పిడికిలి దెబ్బలు. ముసలామె లేచి, ఆ వయసులో అంత తొందర ఎక్కడినుంచి వచ్చిందో, తలుపుకి వీపు ఆనించి నిలబడింది. రెండు చేతులూ వెనక్కి పెట్టి గడియని పట్టుకుంది.

"అమ్మా, జరుగు."

"జరగను."

"ఇంకొకరు ఈ గుమ్మంలో చస్తే నేను బతకలేనమ్మా. దెయ్యమే కానీ. చంపితే చంపనీ. జరుగు."

"నీకు తెలీదే... నీకేమీ తెలీదు..."

అప్పుడు బయట నుంచి గొంతు వచ్చింది. సన్నగా, విరిగిపోతూ. ఆడగొంతు.

"ఏవండీ... ఎవరైనా ఉన్నారా... చలి..."

ఫుయెన్‌సాంత తల్లిని భుజం పట్టి పక్కకి లాగింది. గట్టిగానే లాగింది, ముసలామె బల్లకి తగిలి కూలబడింది. గడియ జారింది. తలుపు తెరుచుకుంది. పొగమంచుతో పాటు నోఎలియా లోపలికి ఒరిగి, మోకాళ్ళ మీద పడింది.

బతికే ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి, ఒక బూటు లేదు, కానీ బతికే ఉంది. ఫుయెన్‌సాంత ఆమెని పొయ్యి దగ్గరికి ఈడ్చి, తడి బట్టలు విప్పి, దుప్పట్లు కప్పి, చేతులు రుద్దింది. రుద్దుతూ ఏడ్చింది. తను ఈసారి తలుపు తీసింది. ఆ ఒక్క మాటే లోపల తిరుగుతోంది — తీశాను, తీశాను, తీశాను.

కాస్త మాట వచ్చాక నోఎలియా తలుపు వైపు చూసింది.

"ఆయన లోపలికి రారా?"

"ఎవరు?"

"నన్ను తీసుకొచ్చినాయన. రాళ్ళ మీద చారలు కనపడలేదు... జారి పడ్డాను. అక్కడే నిద్రొచ్చేసింది. ఎవరో దగ్గు వినిపించి కళ్ళు తెరిచాను. ముసలాయనేం కాదు. పాత యూనిఫాం, ఛాతీ మీద ఇత్తడి బిళ్ళ. కుంటుకుంటూ ముందు నడిచాడు. వెనకాలే వచ్చాను. దారంతా ఒక్క మాట లేదు. ఇక్కడికొచ్చాక తాళం తీశాడు, తట్టాడు. తట్టి, పక్కకి జరిగాడు."

ఫుయెన్‌సాంత చేతులు ఆగిపోయాయి. "ఏమీ అనలేదా?"

"అన్నాడు. 'తాళం ఆ రాత్రీ తిరిగింది. గడియే తియ్యలేదు ఆవిడ. నేను తడితే తియ్యదు, నువ్వు పిలువు' అన్నాడు." నోఎలియా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఆవిడంటే ఎవరు?"



తలుపు ఇంకా తెరిచే ఉంది. బయట తెలుపు తప్ప ఏమీ లేదు.

ఫుయెన్‌సాంత లేచి, తలుపు దగ్గర నేల మీద పడ్డ జావ ముద్దని చూసింది. వంగింది. ఆ వేలితోనే ముట్టుకుంది. మెత్తగా ఉంది. వెన్నలా ఉంది. ఇంత చలిలోనూ, ఇంతసేపు కన్నంలో ఉన్నా, చిన్నపిల్ల చెంపంత మెత్తగా ఉంది. తోస్తే చీపురుపుల్ల కూడా దిగుతుంది అందులోకి. ఇక ఇనుప తాళంచెవి ఎందుకు దిగదు?

జావ ముట్టే ఏ మనిషికైనా తెలిసే సంగతి. ఊరికి తెలుసుకోవాలని లేదు. ఆమె ఇన్నేళ్ళూ ముట్టలేదు.

"అమ్మా," అంది.

లెయోకాదియా నేల మీద కూలబడినచోటే ఉంది. బల్ల కాలుకి ఆనుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని. పరాయి మనిషి అక్కడుందన్న స్పృహ కూడా ఆమెకి లేదు.

"తిరిగింది," అంది. "ఆ రాత్రి కూడా తాళం తిరిగింది. ఇలాగే. నేను గడియ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను."

"దెయ్యమనుకున్నావు."

"ఆయన దగ్గు నాకు తెలియదా?"

పొయ్యిలో కట్టె విరిగి నిప్పురవ్వలు లేచాయి.

"నాన్న నాకు పైన్ గింజలు ఒలిచి పెట్టేవాడమ్మా," అంది ఫుయెన్‌సాంత. ఎందుకన్నదో ఆమెకే తెలియదు.

"పెట్టేవాడు. నీకు తెచ్చేవి నువ్వు మేలుకుని ఉండగా తెచ్చేవాడు. నాకు తెచ్చేవి నువ్వు నిద్రపోయాక." ముసలామె తన పక్కటెముకల మీద అరచెయ్యి పెట్టుకుంది, ఇంకా అక్కడ ఏదో ఉన్నట్టు. "మొగుడికి తలుపు తియ్యకపోయినా ఎవరూ అడగని రాత్రి ఏడాదికి ఒక్కటే ఉంది. ఆయన చావాలనుకోలేదు నేను. కాలు విరిగిందని నాకేం తెలుసు? ఒక్క రాత్రి... ఒక్క రాత్రి బయట ఉంటే చాలనుకున్నాను. పిలిచాడు. తర్వాత పిలవలేదు. కొట్టం లోకి పోయాడనుకున్నాను. నిద్రపోయాను కూడా. ఎంత హాయిగా నిద్రపోయానో."

"కన్నంలో జావ గట్టిగా ఉందన్నారు. పైకొచ్చిన మగాళ్ళందరూ చూశారన్నారు."

"తెల్లారి తలుపు తీశాను. చూశాను. తాళంచెవి తాళంలోనే ఉంది. అది తీసి ఆయన చేతిలో పెట్టి వేళ్ళు మూశాను. డబ్బాలో మిగిలిన జావ కన్నంలో కూరాను. వాళ్ళు కొండెక్కి వచ్చేసరికి ఎండకి ఎండి బిగుసుకుంది. తాళం తిరిగాక కూడా పెళ్ళాం గడియ తియ్యలేదంటే నన్ను తీసుకుపోతారు. నిన్ను ఏ అనాథల బడిలోనో పడేస్తారు."

దుప్పట్లలో నోఎలియా ముడుచుకుపోయింది.

ఫుయెన్‌సాంత వేలికి అంటిన జావని చూసుకుంది. కింద ఎక్కడో, ఏటి వైపు, జీపు మోత లీలగా మొదలైంది.

"అయితే కన్నం పూడ్చింది నేనని వాళ్ళకి ఎందుకు చెప్పావు?"

ముసలామె మొదటిసారి తలెత్తి కూతురి మొహంలోకి చూసింది. ఆ చూపులో సిగ్గు లేదు. ఇంత చిన్న సంగతి ఎలా అర్థం కాలేదో అన్నట్టుంది.

"నీకు ఆరేళ్ళు," అంది. "పసిపిల్లని ఎవరేమంటారులే అనుకున్నాను."